కలంకారీ అని రాస్తే చాలదు, ఎలా అద్దారో కూడా రాయాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. పండగల ముందు పత్రికల్లో వచ్చే చీరల ప్రకటనల్లో కలంకారీ అనే మాట ఈమధ్య బాగా ఎక్కువైంది. కలంకారీ చీర, కలంకారీ కుర్తీ, కలంకారీ దుప్పటి, ఆఖరికి కలంకారీ ఫోన్ కవరు కూడా. వీటిలో చాలావాటికి చెక్క అచ్చూ తగల్లేదు, చేత్తో గీసే కలమూ తగల్లేదు. కొన్ని స్క్రీన్ అనే జాలీ తెరలోంచి రంగు తోసి అద్దినవి. ఇంకొన్ని కంప్యూటర్‌లోని బొమ్మను మిషను నేరుగా గుడ్డ మీద ముద్రించినవి. అలాంటి గుడ్డ అమ్మొద్దని పెడనలో అచ్చు అద్దే మేం అనడం లేదు. స్క్రీన్ వేసేవాళ్లూ మా పక్క వీధివాళ్లే, వాళ్లకీ ఇల్లు గడవాలి. పెడన, మచిలీపట్నం చుట్టుపక్కల అచ్చుల బల్లలు తీసేసి స్క్రీన్ బల్లలు వేసుకున్న షెడ్లు లేకపోలేదు. మేం అడిగేది ఒక్కటే: గుడ్డను ఏ పద్ధతిలో అద్దారో చీటీ మీదా, ప్రకటనలోనూ రాయండి. అచ్చు అద్దకమైతే అచ్చు అద్దకమని, స్క్రీన్ అయితే స్క్రీన్ అని, డిజిటల్ అయితే డిజిటల్ అని.

ఈ మాత్రం దానికి ఇంత పట్టింపు దేనికని కొనేవాళ్లకు అనిపించవచ్చు. పని ఎలా జరుగుతుందో తెలిస్తే ఆ సందేహం ఉండదు.

కోరా గుడ్డ తానులో గంజి, నూనె జిడ్డు ఉంటాయి. అవి పోకపోతే తర్వాత ఏ రంగూ సమంగా పట్టదు. అందుకని పేడ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున ఉతికి, ఎండలో పరిచి, ఆరీఆరకముందే మళ్లీ నీళ్లు చల్లుతారు. తెల్లబడేదాకా ఇది రోజుల తరబడి సాగుతుంది. ఆ తర్వాత కరక్కాయ. కిలో గుడ్డకు సుమారు 150 నుంచి 200 గ్రాముల కరక్కాయ పొడి నీళ్లలో కలిపి, అందులో పచ్చి గేదెపాలు పోసి, గుడ్డను ముంచి పిండి ఆరేస్తారు. కరక్కాయలోని వగరు లేకపోతే నలుపు రాదు, ఎరుపు నిలవదు. పాలలోని కొవ్వు చేసే పని వేరు: అద్దిన రంగు నూలు పోగుల వెంట పాకకుండా ఆపుతుంది. పాలు తగ్గితే పువ్వు రేఖ అంచులు చెదిరి మీసాలు మొలుస్తాయి. ఎక్కువైతే గుడ్డ జిడ్డుగా ఉండి రంగు లోపలికి దిగదు. పాలు పలచన చేసి మిగుల్చుకున్న డబ్బు ఉతుకు దగ్గరికి వచ్చేసరికి పాడైన గుడ్డ రూపంలో పోతుంది.

పాలు, కరక్కాయ వాడే ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. కోరమండల్ తీరంలో ఉన్న కూర్డూ అనే ఫ్రెంచి జెస్యూట్ ఫాదిరీ 1742లో తన దేశానికి రాసిన ఉత్తరంలో ఇక్కడి అద్దకం వరసను పూసగుచ్చినట్టు రాశాడు. అప్పటికే ఈ తీరపు గుడ్డల ధాటికి తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1700లో వాటి మీద నిషేధాలు పెట్టాయి. 1783లో ఇంగ్లండ్‌లో రోలర్ అద్దకానికి పేటెంటు వచ్చాక అచ్చం ఇలాంటి పువ్వులే మిషన్ల మీద కుప్పలుగా తయారయ్యాయి. అంటే నకలు బాధ మనకు కంప్యూటర్లతో మొదలైంది కాదు.

నలుపు తయారీకి ఓపిక కావాలి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. చేతి కొలత మనిషినిబట్టి మారుతుంది గానీ, 10 లీటర్ల నీళ్లకు కిలో ఇనుము, పావుకిలో బెల్లం అనుకుంటే దరిదాపుల్లో ఉంటుంది. దీన్నే కసిమి అంటారు. నురుగు అణిగి పుల్లటి వాసన వచ్చాక కరక్కాయ గుడ్డ మీద ఒక చుక్క వేసి చూస్తారు. చూస్తూండగానే నల్లబడితే పండినట్టు. బూడిదరంగు దగ్గర ఆగిపోతే ఇంకా ఉంచాలి. తొందరపడి పచ్చి కసిమి వాడితే ఉతికాక రేఖలు మట్టిరంగుకు తిరుగుతాయి. మరీ ఘాటైతే ఇంకో ప్రమాదం. ఇనుము నూలును తినేస్తుంది. పాత కలంకారీ గుడ్డల్లో నల్లరేఖ ఉన్న చోటే గుడ్డ చిరిగి, మధ్యలో ఎరుపు చెక్కుచెదరకుండా ఉండటం చూసే ఉంటారు. దానికి కారణం ఇదే.

ఎరుపు అచ్చుతో రాదు. ఈ సంగతి చీరలు అమ్మేవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. అచ్చుతో అద్దేది పటిక నీళ్లు, తుమ్మజిగురు కలిపిన పలచటి ముద్దను. అది దాదాపు కనిపించదు. ఎక్కడ అద్దామో తెలియడానికి తర్వాత ఉతుకులో పోయే రంగేదైనా కాస్త కలుపుతారు. గుడ్డను ఉడికించినప్పుడు పటిక ఉన్న చోట మాత్రమే ఎరుపు పుడుతుంది. అంటే అద్దేవాడు తన పని సరిగా కుదిరిందో లేదో కొన్ని రోజుల తర్వాత గానీ చూడలేడు. జిగురు ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంటే ఆ తేడా రాగిడేగిసాలో ఉడికాకే బయటపడుతుంది. అప్పటికి దిద్దడానికి వీలుండదు.

ఇక అచ్చు సంగతి. బాగా ఆరిన టేకు చెక్క కావాలి. పచ్చి చెక్కను చెక్కితే నాలుగు నెలలకు వంకరపోయి మధ్యభాగం గుడ్డకు ఆనదు. నమూనాను కాగితం మీద గీసి, చెక్క మీదికి దించి, సన్న ఉలులతో, బరమతో రేఖ చుట్టూ చెక్క తీసేస్తారు. లోతు చాలకపోతే గుంటల్లో జిగురు నిండి రేఖలు కలిసిపోతాయి. అచ్చులో గాలి పోవడానికి వీపు దాకా సన్న రంధ్రాలు పెట్టాలి. లేకపోతే అచ్చు గుడ్డకు అంటుకుని, ఎత్తేటప్పుడు గుడ్డ లేచి వస్తుంది. చెక్కడం అయ్యాక కొన్నాళ్లు నూనెలో నానబెడతారు. ఒక నమూనాకు ఒక్క అచ్చు సరిపోదు. నల్లరేఖకు ఒకటి, ఎరుపు నింపడానికి ఒకటి, పసుపుకూ నీలానికీ వేరే, అంచుకు వేరే, మూలలకు వేరే. ఇవన్నీ ఒకదానిలో ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి.

అద్దేవాడి పక్కన ఉండే రంగుపెట్టె అడుగున వెదురు తడిక, దాని మీద గోనె, కంబళి, పైన పలచటి గుడ్డ ఉంటాయి. రంగు ఆ పొరల్లోంచి ఊరి పైకి రావాలి. అచ్చును పెట్టెలో ఒకసారి ఆనించి, కొంచెం తిప్పి మళ్లీ ఆనించి, గుడ్డ మీద ఎడమ అంచు సరిచూసి దించి, పిడికిలి పక్కభాగంతో ఒక్క గుద్దు గుద్ది, నిటారుగా పైకి ఎత్తుతారు. పక్కకు లాగితే రేఖకు నీడ పడుతుంది. పెట్టె తడెక్కువైతే మూలల్లో బొట్లు, ఎండిపోతే తెగిన రేఖలు. మధ్యాహ్నానికి జిగురు చిక్కబడుతుంది. అప్పుడు పై గుడ్డ కడిగి మళ్లీ పరుచుకోవాలి. ఆ కడగడానికి పట్టే సమయానికి కూలి లెక్క ఉండదు, ఎందుకంటే కూలి మీటర్ల లెక్కన.

లెక్క వేసి చూడండి. చీర ఒడలు 5.5 మీటర్లు అనుకుందాం, పన్నా 45 అంగుళాలు. 6 అంగుళాల చదరపు అచ్చుతో నింపాలంటే పొడవున 36 వరసలు, అడ్డంగా ఏడున్నర. అంటే ఒక్క రంగుకే దాదాపు 270 గుద్దులు. నాలుగు అచ్చుల పనైతే వెయ్యి దాటుతాయి. అంచులు, పైట ఇందులో కలపలేదు. బల్ల ముందు నిలబడి చేసే పని. ఏళ్లు గడిచాక అరచేతి అంచు, మణికట్టు, భుజం ఎలా ఉంటాయో వైద్యుణ్ణి అడగక్కర్లేదు.

అద్దిన గుడ్డను వెంటనే ఉతకరు. నలుపూ పటికా నూలులోకి దిగడానికి కొన్ని రోజులు ఆరనివ్వాలి. తర్వాత పారే నీళ్లలో జాడింపు. పారే అనే మాట ఇక్కడ ముఖ్యం. గుడ్డ మీద మిగిలిపోయిన పటిక, ఇనుము నీళ్లతో పాటు కొట్టుకుపోవాలి. తొట్టిలో జాడిస్తే కరిగిన ఇనుము తిరిగి తెల్లటి జాగా మీద వాలి, ఉడికాక అక్కడ ఊదా మచ్చలు తేలతాయి. గుడ్డ మడతపడితే మడత మేర చార. అందుకే కాలువలో నడుములోతు నీళ్లలో నిలబడి గుడ్డను విప్పి పట్టుకుంటారు. ఆపైన రాగి పాత్రలో ఉడకేయడం. వెనకటి రోజుల్లో ఎరుపుకు చిరివేరు వాడేవారు. ఇప్పుడు ఎక్కువగా అలిజరిన్, దానికి తోడు జాజాకు, సురుడు చెక్క. అలిజరిన్ బజార్లో కొనేదే, ఫ్యాక్టరీలో తయారైనదే. అన్నీ చెట్ల రంగులే అని చెప్పి అమ్మేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు గానీ, చీటీ మీద నిజం రాయమని ఇతరులను అడిగే ముందు మన గురించి మనం నిజం రాసుకోవాలి. పొయ్యి మంట మెల్లగా పెరగాలి. ఒక్కసారిగా మరిగిస్తే ముందు వేడెక్కిన చోట ఎరుపు గబుక్కున పట్టి మిగతా చోట వెలవెలబోతుంది. ఉడికినంతసేపూ కర్రలతో గుడ్డను తిప్పుతూనే ఉండాలి. నీటి పైకి తేలిన మడతకు రంగు అందదు. నీళ్లలో ఇనుము ఉంటే ఎరుపు వంకాయరంగుకు తిరుగుతుంది.

ఉడికాక తెల్లటి జాగా కూడా గులాబీ చాయ పట్టి ఉంటుంది. మళ్లీ పేడనీళ్లు, మళ్లీ ఎండ, మళ్లీ నీళ్లు చల్లడం. తర్వాత గంజి పెట్టి ఆరేసి, పసుపూ నీలమూ అద్దుతారు. పసుపు కరకపువ్వు నుంచీ దానిమ్మ తొక్క నుంచీ వస్తుంది. పచ్చ కావాలంటే పసుపు మీద నీలం. చివరికి పటిక నీళ్లు, సబ్బు నీళ్లు. అంతా సవ్యంగా సాగితే గుడ్డ షెడ్డులోంచి బయటికి రావడానికి వారాలు పడుతుంది.

శ్రీకాళహస్తి పని దీనికి భిన్నం. అక్కడ అచ్చు లేదు. వెదురు పుల్లకు దూదో ఉన్నిగుడ్డో ఉండలా చుట్టి, రంగులో ముంచి, ఆ ఉండను వేళ్లతో అదుముతూ రామాయణ భారత కథలు గీస్తారు. గీత మొదలుపెట్టాక మధ్యలో ఆగితే బొట్టు పడుతుంది. ఆ పనికి జె. గురప్పచెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. కరక్కాయ, పాలు, కసిమి, పటిక రెండు చోట్లా ఒకటే. ఇప్పుడు దుకాణాల్లో పెన్ కలంకారీ అని కట్టలు కట్టలుగా అమ్మేవాటిలో ఒకే దేవత ముఖం ఒకే కంటిరెప్ప వంపుతో చీర చీరకూ కనిపిస్తే, అది చేత్తో గీసింది కాదని తెలుసుకోవాలి.

కొనేవాళ్లకు ఉపయోగపడే గుర్తులు కొన్ని. ముందు గుడ్డను తిప్పి వెనకవైపు చూడండి. కసిమి, ఉడికిన ఎరుపు నూలులోకి దిగుతాయి గనక వెనక కూడా నమూనా స్పష్టంగా ఉంటుంది. డిజిటల్ ముద్రణలో సాధారణంగా వెనక వెలవెలబోతుంది. బంకరంగుతో, అంటే బంకతో గుడ్డ పైన అంటించే రంగుతో, వేసిన స్క్రీన్‌లో నమూనా ఉన్న చోట వేలికి పొరలా తగులుతుంది. అచ్చు విరిగితే ఆ విరుపు ప్రతి గుద్దులోనూ వస్తుంది, కాబట్టి ఒకే లోపం మళ్లీ మళ్లీ ఉందని స్క్రీన్ అనుకోకండి. చూడాల్సింది అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు. చేతి పనిలో ఆ అతుకు ఒకచోట పూసంత ఎడం, మరోచోట పూసంత ఎక్కుడు. ఎరుపు నల్లరేఖను ఒక పువ్వులో దాటితే పక్క పువ్వులో దాటదు. స్క్రీన్‌లో పొరపాటు కూడా కొలిచినట్టు ఒకే దూరంలో పడుతుంది. రంగులు లెక్కపెట్టండి: నలుపు, ఎరుపు, ఆవపసుపు, నీలం, మాసిన పచ్చ, వీటి చాయలు. నియాన్ గులాబీ, చిలకపచ్చ, ఫొటోలోలా ఒక రంగులోంచి ఇంకో రంగులోకి జారే నీడలు ఉంటే అది మిషను. కొత్త గుడ్డలో కరక్కాయ, పాల వాసన కొన్నాళ్లుంటుంది. అంచు మడతలో నల్లరేఖ మీద నిమ్మచుక్క వేస్తే ఇనుపనలుపు చప్పబడుతుంది, బంకరంగు నలుపు చెక్కుచెదరదు. పరీక్షకు తప్ప కలంకారీకి నిమ్మరసం దగ్గరికి రానివ్వకండి. మొదటి ఉతుకులో పసుపు నీళ్లు దిగితే అది మిగిలిన కరక్కాయ, భయపడొద్దు. చల్లటి నీళ్లలో విడిగా ఉతికి నీడన ఆరేస్తే చాలు.

చేనేత గుర్తు ఉంది కదా, ఇంకేం కావాలని కొందరంటారు. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ గుడ్డను మగ్గం మీద చేత్తో నేశారని మాత్రమే చెబుతుంది. దాని మీద అద్దకం చేత్తో జరిగిందా లేదా అనేది అందులో ఉండదు. అదే మాదిరిగా మిల్లు గుడ్డ మీద నిజమైన అచ్చు అద్దకమూ ఉంటుంది. నేత వేరు, అద్దకం వేరు. చీటీ మీద రెండూ విడివిడిగా రాయాలి.

జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, సంగతి కూడా ఇంతే. మచిలీపట్నం కలంకారీకీ, శ్రీకాళహస్తి కలంకారీకీ చెన్నైలోని రిజిస్ట్రీలో వేర్వేరుగా గుర్తింపు ఉంది. 1999 నాటి చట్టం ప్రకారం తప్పుడు భౌగోళిక గుర్తు వేస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. వినడానికి గట్టి చట్టమే. కానీ నమోదైంది ఊరి పేరుతో కలిపి. వ్యాపారి ఊరి పేరు వదిలేసి ఉత్త కలంకారీ అని రాస్తే అతని మీద ఫిర్యాదు నిలబెట్టడం కష్టం. పైగా ఆ గుర్తును వాడుకోవడానికి అద్దకందారు విడిగా అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి, 10 ఏళ్లకోసారి పొడిగించుకోవాలి. బల్ల దగ్గర కూలికి నిలబడే మనిషి ఈ కాగితాలు ఎప్పుడు నింపుతాడు? జిల్లా యంత్రాంగం పెడనలోనే శిబిరం పెట్టి ఈ నమోదులు చేయించవచ్చు. పెద్ద ఖర్చయ్యే పని కాదు.

చీటీ విషయంలో మొదటి అడుగు ప్రభుత్వ దుకాణాలే వేయాలి. లేపాక్షి షోరూముల్లోనూ, ప్రభుత్వం జరిపే ప్రదర్శనల్లోనూ ప్రతి కలంకారీ గుడ్డకూ నాలుగు ముక్కలున్న చీటీ తప్పనిసరి చేయాలి: నేత ఏది, అద్దకం ఏ పద్ధతి, రంగులు ఏవి, అద్దింది ఏ ఊళ్లో. అలిజరిన్ వాడితే అలిజరిన్ అనే రాయాలి. స్టాల్ ఇచ్చే ముందు ఒక్కసారి గుడ్డ తిప్పి వెనక చూసే మనిషి ఉంటే సగం సమస్య అక్కడే తేలుతుంది. ప్రైవేటు దుకాణాలకు వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఉండనే ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటన మీద ఫిర్యాదు చేసే హక్కు కొన్నవాళ్లది.

నీళ్ల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే. కృష్ణా డెల్టా కాలువలు వేసవిలో కట్టేస్తారు. ఎండ బాగా ఉండేదీ, గుడ్డ త్వరగా తెల్లబడేదీ సరిగ్గా అప్పుడే. కాలువకు నీళ్లొచ్చేసరికి వానలు మొదలవుతాయి, గాలిలో తేమకు అద్దిన జిగురు ఆరదు, రేఖ చెదురుతుంది. ఆ రోజుల్లో బల్ల ఖాళీ, కూలీ లేదు. బోరు నీళ్లు వాడదామంటే సముద్రం దగ్గర కావడంతో చాలాచోట్ల ఉప్పు. అద్దకందార్లందరూ కలిసి వాడుకునేలా, నీళ్లు ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోయే జాడింపు తొట్లు కట్టి, ఎండాకాలానికి చెరువు నీళ్లు ఏర్పాటు చేసి, వాడిన నీళ్లను శుభ్రం చేశాకే కాలువలోకి వదలాలి. కాలువ నీళ్లు కింద ఊళ్లవాళ్లూ తాగుతారు గనక ఆ చివరి మాట మేమే ముందుగా అంటున్నాం. కాలువలో నిలబడి జాడించేవాళ్లకు నడుము దాకా వచ్చే బూట్లు, గుడ్డ ఉడకేసే ఆడవాళ్లకు పొగ పోయే పొయ్యిలు కూడా ఆ అంచనాలోనే చేర్చాలి.

చివరగా మీ ప్రకటనల విభాగానికి ఒక విన్నపం. కలంకారీ అన్న ప్రకటన వచ్చినప్పుడు అచ్చా, కలమా, స్క్రీనా, డిజిటలా అని ప్రకటనదారుణ్ణి అడిగి, ఆ ఒక్క మాట ధర పక్కనే వేయించండి.

ఇట్లు,
అచ్చు అద్దకం పనివారు,
పెడన, కృష్ణా జిల్లా